మంచుతడి మూట

దేవుడు అక్కయమ్మకు అన్నీ ఇచ్చి మరుపు ఒక్కటి ఇవ్వడం మరిచాడు. చిన్నప్పుడు తన పలక పగలగొట్టిన పిల్ల ఎవరో, పెళ్ళి పంక్తిలో తన ఆకును దాటేసి పక్కావిడకు ఓళిగ వడ్డించింది ఎవరో, చిల్లర లేదని బాగేపల్లి బస్సులోంచి నడిదారిలో దింపేసిన కండక్టరు మీసం ఎట్లా ఉండేదో, ఇప్పుడడిగినా చెబుతుంది. కొంతమంది మేకలను పెంచుకున్నట్టు ఆమె కోపాలను పెంచుకునేది. ఒక్కదాన్నీ తప్పిపోనిచ్చేది కాదు, అన్నిటికీ వేళకింత మేత వేసేది. ఆ కండక్టరు కూతురి పెళ్ళికి పిలవకపోయినా వెళ్ళి, కడుపునిండా తిని, అన్నంలోకి పోసిన సారులో ఉప్పు ఎక్కువైందని పందిరి అంతా వినబడేలా చెప్పి వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని తానే చెప్పుకుంది.

అవన్నీ చిల్లర కోపాలు. అసలు కోపం తిమ్మరాయప్ప మీద. అది ఉప్పుతో తీరేది కాదు.

తిమ్మరాయప్ప చింతామణి మండీలో కూరగాయల దలాలీ. తెల్ల పంచె, భుజం మీద జరీ అంచు తువ్వాలు, నుదుట విభూతి. నోరు తెరిస్తే మండీ అంతా నవ్వాలి, అదొక్కటే ఆయన సరదా. అక్కయమ్మ, ఆమె మొగుడు మునినారాయణ బాగేపల్లి దారిలోని ఒక పల్లెలో వానను నమ్ముకుని సేద్యం చేసుకునేవాళ్ళు. రాగిచేనులో సాళ్ళ నడుమ అనప వేసేవాళ్ళు. రాగి ఇంటికి, అనపకాయ మండీకి.

అనపకాయ గురించి ఒక మాట చెప్పాలి, ఈ కథకు అదే ఆధారం. చిక్కుడు జాతి కాయ అది, సొరకాయ కాదు. చలికాలం మంచు బాగా పడ్డప్పుడు ఆ కాయ మీద జిగురులాంటిది పుడుతుంది. దానికి ఒక ఘాటైన వాసన. ఈ ప్రాంతంలో దాన్ని సొగడు అంటారు. బజారులో ఆడవాళ్ళు కాయను చూడరు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. సొగడు లేని కాయ గింజలు నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు వండితే మొగుళ్ళు పళ్ళెం జరిపేసి లేస్తారు. కోసినవాళ్ళ చేతులకు ఆ జిగురు నల్లగా అంటుకుంటుంది, ఎంత సబ్బు రుద్దినా సాయంత్రం దాకా వాసన వదలదు. అందుకే తెల్లవారుజామున మంచు ఆరకముందే కోస్తారు. కోసి, గోనెపట్ట మీద పరిచి, తడి ఆరనిచ్చి, అప్పుడు మూట కడతారు. ఇది అందరికీ తెలిసిన రివాజు.

రెండువేల సంవత్సరం చలికాలంలో అక్కయమ్మ ఆ రివాజు తప్పింది. ఆ ఏడు కాయకు వచ్చిన సొగడు అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఆరబెడితే సగం వాసన గాలికి పోతుందని ఆమెకు ఆశ. తన కాయ మండీలో దిగితే పక్క అంగళ్ళవాళ్ళు కూడా తల తిప్పి చూడాలని గర్వం. మంచు నీళ్ళు కారుతుండగానే మూట బిగించి మొదటి బస్సు ఎక్కించింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. అంతకుముందు వారం తిమ్మరాయప్ప చెప్పిన ధర నచ్చక, ఆయన ముందే మూట ఎత్తుకుని పక్క అంగడికి పోయింది, అది ఆయన మనసులో పెట్టుకున్నాడు. మరిచిపోని గుణం ఆమె ఒక్కదాని సొత్తు కాదు.

మూట దిగగానే అడుగున తడి చూశాడు తిమ్మరాయప్ప. చెయ్యి పెట్టి, తీసి, వేళ్ళు విదిలించాడు. గొంతు పెంచాడు.

“ఏమమ్మో, కాయలు చేన్లో కోసినావా, చెరువులో పట్టినావా?”

మండీ నవ్వింది.

“మంచప్పా అది. పొద్దున్నే కోసినాను, ఆరబెట్టలేదు,” అంది అక్కయమ్మ.

“మంచంట! చింతామణికి రాని మంచు మీ చేను మీదనే కురిసిందా? చూడండప్పా, తూకం కోసరం బిందెలతో నీళ్ళు పోసి తెచ్చినాది. ఇట్లాటోళ్ళ వల్ల కాదా మన మండీ పేరు చెడేది?”

మూట కట్టు లాగి, కాయలన్నీ రోడ్డు మీద కుమ్మరించాడు. మండీలో తిరిగే ఆవులు వచ్చి తలలు వంచాయి. అక్కయమ్మ ఒంగి ఏరుకోబోయింది. ఎవరో నవ్వుతూ, “నీళ్ళక్కయమ్మా, ఆవులకు కుడితి కూడా తెచ్చినావా?” అన్నారు.

ఆ పేరు అక్కడితో ఆగలేదు. ఆమెకంటే ముందే ఊరు చేరింది. నీళ్ళక్కయమ్మ. బస్సులో, రేషన్ అంగడి దగ్గర, జాతరలో, ఎక్కడికి పోయినా ఆ పేరే ఎదురొచ్చింది. కూతురు నయనను బడిలో నీళ్ళక్కయమ్మ కూతురని పిలిచారు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన రోజు అక్కయమ్మ గోడకు చేరగిలబడి తిమ్మరాయప్పను వంశంతో సహా తిట్టింది. ఆ తిట్లు నేను ఇక్కడ రాయను, రాస్తే కాగితం కాలిపోతుంది.

కానీ పొడిచిన పోటు అది కాదు. ఆ కాయలు కుమ్మరించిన రోజు రాత్రి మునినారాయణ సంగటి ముద్ద తుంచుతూ, తల ఎత్తకుండా, చాలా మెల్లగా అడిగాడు.

“నిజం చెప్పు. రవ్వంత చల్లినావా?”

కోపంగా అడిగి ఉంటే తిరిగి అరిచేది. అతను జాలిగా అడిగాడు. చల్లి ఉన్నా క్షమిస్తానన్నట్టు అడిగాడు. పద్దెనిమిదేళ్ళుగా తనతో చేను దున్నిన మనిషి ఆ మాట అడిగాడు. ‘నన్ను అడుగుతావా, నీకు నేను జవాబు చెప్పాలా’ అని అక్కయమ్మ మనసులోనే మొండికేసి పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయింది.

“సరేలే,” అన్నాడు మునినారాయణ, ఆమె వీపు వైపు చూసి.

ఆ సరేలే అర్థం ఆమెకు తెలుసు. చల్లిందని నమ్మాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదేమో. రెండేళ్ళకు విషజ్వరం వచ్చి, కోలారు ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనే పోయాడు. తన పెళ్ళాం నీళ్ళు చల్లిన మనిషి అనుకుంటూనే పోయాడు. అది కూడా తిమ్మరాయప్ప ఖాతాలోనే వేసింది అక్కయమ్మ. మొగుడి చితి దగ్గర నిలబడి ఆమె కోరుకున్నది ఒక్కటే. ఆ మనిషి తన నోటితో, నలుగురి ముందు, అది మంచే అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే తనకు జరిగిందంతా వాడికీ జరగాలి, ఒక్క ముక్క తగ్గకుండా.

నయన పెళ్ళయి చింతామణిలో కాపురం పెట్టింది. మొగుడూ పెళ్ళాలు టైలరింగ్ అంగడి నడుపుతారు. చేను కౌలుకిచ్చి అక్కయమ్మ కూతురి దగ్గరికి వచ్చేసింది. ఊళ్ళో ఉంటే ఆ పేరు, మండీకి దూరంగా ఉన్న ఈ లేఔట్‌లో అయితే ఎవరికీ తెలియదు. వాళ్ళ లేఔట్ చివర పార్కు కోసమని వదిలిన సైటు ఒకటి ఏళ్ళుగా వయ్యారిభామ కలుపు పట్టి పడి ఉండేది. చిక్కబళ్ళాపుర కొత్త జిల్లా అయిన ఏడు, హైస్కూలు టీచరుగా రిటైరైన సుజాతమ్మ లేఔట్ జనాన్ని పోగేసి ఆ సైటు బాగుచేయించింది. ఆకుకూరలు, వంగ, టమాట మళ్ళు వేశారు. ఎవరికీ జీతం లేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వచ్చి పార పట్టాలి. పండింది పనిచేసినవాళ్ళు పంచుకోవాలి. దాని పక్కనే ఆదివారం పూట చుట్టుపక్కల పల్లెల రైతులు వచ్చి అమ్ముకునే సంత కూడా పెట్టారు.

అక్కయమ్మ మొదట్లో ఆ వైపు తొంగి కూడా చూడలేదు. మట్టి పని జీవితమంతా చేసింది, ఊరికే చేయడానికి ఏం సరదా? ఒకరోజు సుజాతమ్మ ఇంటింటికీ తిరుగుతూ నయన అంగడికి వచ్చి చెప్పింది.

“మన సంతలో ఒకటే రూలు. పండించినోళ్ళే కూచోని అమ్మల్ల. దలాలీలకు లోపలికి ప్రవేశం లేదు.”

అక్కయమ్మ గుండీలు కుడుతున్నదల్లా సూది గుచ్చి పక్కన పెట్టేసింది. “ఆ రూలు చూసుకునేదానికి ఎవురన్నా ఉండారా టీచరమ్మా?” అని అడిగింది.

ఇట్లా ఆమె వాలంటీరు అయ్యింది. పర్యావరణం కోసం వచ్చినవాళ్ళున్నారు, పొద్దుపోక వచ్చినవాళ్ళున్నారు, బీపీ తగ్గడానికి డాక్టరు చెబితే వచ్చినవాళ్ళున్నారు. దలాలీలను గేటు దగ్గర ఆపడానికి వచ్చింది అక్కయమ్మ ఒక్కతే.

మొదటిరోజు సుజాతమ్మ నల్లటి రబ్బరు పైపు ఆమె చేతికిచ్చి, “అక్కయమ్మా, నీళ్ళు నువ్వే పట్టు,” అంది. అక్కయమ్మ ముఖం ఒక్కసారి గడ్డకట్టింది. ఈమెకు తెలిసిపోయిందా అనుకుంది. సుజాతమ్మ అప్పటికే పాలకూర మడి వైపు వెళ్ళిపోయింది. ఏమీ లేదని తేలాక అక్కయమ్మ పైపు పట్టుకుంది, ఆ తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమే పట్టేది. మళ్ళ మీద మేక పడితే దాని యజమాని ఇంటి ముందుకెళ్ళి వీధంతా వినేలా కడిగేసి వచ్చేది. ఆ వీధిలో మేకలు కట్లు తెంచుకోవడం మానేశాయి.

ఆదివారాల్లో గేటు ఆమెది. దలాలీలు ఏం చేసేవాళ్ళంటే, మండీలో మిగిలిన సరుకు తెచ్చి, తలకు పాగా చుట్టి, రైతులమంటూ వచ్చేవాళ్ళు. అక్కయమ్మ మాటలు వినేది కాదు. “చేతులు చూపించప్పా,” అనేది. టమాట చెట్టులో చెయ్యి పెట్టినవాడికి వేళ్ళకు పచ్చటి మరక ఉంటుంది. అనపకాయల కాలంలో అయితే ఆ పచ్చ మరక కూడా అక్కర్లేదు. చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకునేది. సొగడు వస్తే లోపలికి, రాకపోతే బయటికి. తూకం దగ్గర కూర్చునే అమరేష్, టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే కుర్రాడు, “అక్కయమ్మ ముక్కుకు మనమంతా ఒక సంఘం కట్టల్ల,” అని నవ్వేవాడు. ఒకసారి ఆమె బయటికి అంటే, ఇంకెవరూ ఇంకోసారి చూసేవాళ్ళు కాదు. అంత నమ్మకం ఆమె జీవితంలో అంతకుముందు ఎవరూ ఆమె మీద పెట్టలేదు.

ఆ చలికాలం మొదట్లో సంతకు వచ్చిన ఒక ముసలాయన మాటల మధ్యలో తిమ్మరాయప్ప సంగతి చెప్పాడు. అన్నదమ్ముల భాగాల్లో మండీ అంగడి అన్న కొడుకులకు పోయిందట. ఈయనకు మురుగమల్ల దారిలో ఇంత మెట్టచేను వచ్చిందట. అరవై దాటాక పార పట్టాడట. విని అక్కయమ్మకు సంతోషం కలగాలి కదా? కలగలేదు, ఒళ్ళు మండింది. తన చెయ్యి పడకుండానే వాడు కిందపడిపోవడమేమిటి? తన వంతు ఎవరో ఎత్తుకుపోయినట్టు ఆ రాత్రి అన్నం సయించలేదు.

పుష్యమాసంలో ఒక ఆదివారం గేటు ముందు ఆటో ఆగింది. ముందు ఒక ముసలమ్మ దిగింది, తర్వాత మూట దిగింది, ఆ తర్వాత తిమ్మరాయప్ప దిగాడు. జరీ తువ్వాలు లేదు. మోకాళ్ళ దాకా ఎగగట్టిన లుంగీ, మట్టి కొట్టుకున్న కాళ్ళు. అక్కయమ్మ గేటుకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళు ఆ కోపానికి మేత వేసి పెంచింది ఈ రోజు కోసమే.

“ఏమమ్మా, యాడ కూసోవల్ల మేము? అనపకాయ తెచ్చినాము,” అన్నాడు తిమ్మరాయప్ప.

ఆమె వైపు చూశాడు, చూసి గుర్తుపట్టలేదు. అదొక్కటి ఆమె ఊహించలేదు. తాను రాత్రీ పగలూ మోసిన మనిషికి తన ముఖం కూడా జ్ఞాపకం లేదు.

పక్కవాళ్ళకు వినబడకుండా దగ్గరికి జరిగింది. “నన్ను గుర్తుపట్టినావా అప్పా?”

“యా ఊరమ్మా మీది?”

“నీ అంగడి ముందర నా మూట కుమ్మరించినావు. మంచు తడి చూసి నీళ్ళన్నావు. నాకు పేరు పెట్టించినావు.”

తిమ్మరాయప్ప నుదురు చిట్లించాడు. ఆలోచించాడు కూడా, పాపం, ఆ మాట ఒప్పుకోవాలి. “మండీలో దినానికి ఎన్ని మూటలో వస్తాయి తల్లీ. ఏదో అనుంటాను. యాపారంలో అట్లాటివి ఉండేవే కదా,” అని నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు.

“అది మంచే అని ఇప్పుడు చెప్పు. ఈ జనం ముందర కాదు, నాకు చెప్పు సాలు.”

“గుర్తులేనిదాన్ని ఎట్ల చెప్పేది? అవన్నీ ఇప్పుడెందుకులే, ఎండెక్కుతాండాది, చోటు చూపించు.”

తన దయకు ఇదే చివరి మెట్టు అని అక్కయమ్మ అనుకుంది. దాన్ని కూడా ఆయనే తన్నేశాడు.

“చేతులు చూపించు,” అంది.

రెండు చేతులూ చాపాడు. కుడి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. గుప్పుమంది. వేళ్ళ సందుల్లో నల్లటి జిగురు, గోళ్ళ కింద మట్టి. ఆ ఏడు సంతకు వచ్చిన ఏ రైతు చేతికీ అంత సొగడు లేదు. చీకటితోనే చేనులోకి దిగి, మంచులో నానుతూ ఒక్కో కాయా కోసిన చెయ్యి అది. అక్కయమ్మకు ఒక్క క్షణం తన చేను, తన చెయ్యి, ఆ రోజు తాను మూట బిగించిన తెల్లవారుజాము కళ్ళ ముందుకు వచ్చాయి. వచ్చి కోపాన్ని ఇంకా ఎగదోశాయి.

చెయ్యి విదిలించి వదిలేసింది. గొంతు పెంచింది.

“వాసన లేదు! మండీ సరుకు!”

సంత మొత్తం తల తిప్పింది. అమరేష్ తూకం వదిలి లేచాడు. “ఓ, ఈయన మండీ తిమ్మరాయప్ప కదా! పెద్ద దలాలీ. రైతు యాసం కట్టి వచ్చినాడు చూడు,” అన్నాడు.

“లేదప్పా, నేనే కోసినాను, నా చేన్లో. చూడు, నువ్వే చూడు,” అంటూ తిమ్మరాయప్ప చేతులు చాపి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. అందరూ వెనక్కి జరిగారు. అక్కయమ్మ చూశాక ఇంకెవరూ చూడరు. ఆ నమ్మకం అంత గట్టిది.

అక్కయమ్మ మూట కట్టు లాగింది. అంతకాలం కలలో చేసిన పని చేతులు వాటంతట అవే చేశాయి. మూట ఎత్తి రోడ్డు మీద కుమ్మరించింది. కాయలతో పాటు అడుగున నిలిచిన తడి కూడా కారి ఆమె పాదాల మీద పడింది. చల్లగా ఉంది. కొత్తగా సేద్యం పట్టిన మనిషి, ఆరబెట్టాలని తెలియకో, తొందరలోనో, మంచు తడితోనే మూట కట్టాడు.

“అయ్యో, నీళ్ళు కూడా పోసినాడప్పా!” అని అరిచారు ఎవరో. సంత నవ్వింది.

అక్కయమ్మ ఆ నవ్వు విన్నది. చల్లటి మజ్జిగ తాగినట్టు ఆ నవ్వు లోపలికి దిగింది. అంతటి సుఖం ఆమెకు పెళ్ళిలో లేదు, కాన్పులో లేదు. ఇది తప్పని మనం అనవచ్చు, ఆమె అనుకోలేదు. వీధి చివరి నుంచి ఒక ఆవు నడిచి వస్తుంటే, రా తల్లీ రా అని మనసులో పిలిచింది.

అప్పుడు తిమ్మరాయప్ప భార్య, ఆటో దిగినప్పటినుంచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆ ముసలమ్మ, మొగుడి దగ్గరికి వచ్చింది. పొద్దున చేనుకు వెళ్ళింది ఆయన ఒక్కడే, ఆమె ఇంటి దగ్గర ఆటో ఎక్కింది. తల ఎత్తకుండా, చాలా మెల్లగా అడిగింది.

“నిజం చెప్పు. రవ్వంత చల్లినావా?”

తిమ్మరాయప్ప భార్యను చూశాడు, తడి కాయలను చూశాడు, తల ఎత్తి అక్కయమ్మను చూశాడు. ఈసారి చూపు ఆమె ముఖం మీద ఆగింది.

“నువ్వా,” అన్నాడు. “మొదటి బస్సుకు వచ్చింటివి. ముందు వారం పక్కంగడికి పోయింటివి.” జనం వైపు తిరిగాడు. “అప్పా, అందరూ ఇనండి. ఎనిమిదేండ్ల కింద ఈమె కాయల్లో నీళ్ళు ఉండాయని నేను మండీలో అరిచినాను. అవి నీళ్ళు కాదు, మంచు. అప్పుడే నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పినాను.”

ఈ మాటే. అక్షరం అక్షరం ఈ మాటే. మొగుడి చితి దగ్గర కోరుకున్నది, నలుగురి ముందు, వాడి నోటితో, రెండోసారి అడగకుండానే వచ్చి కాళ్ళ దగ్గర పడింది.

అమరేష్ నవ్వాడు. “చూసినారా, ఇప్పుడు అక్కయమ్మను మంచి చేసుకునేదానికి చూస్తాండాడు. పో పెద్దాయనా, నీ మాట ఎవురు నమ్ముతారు? ఇప్పుడే కదా అబద్ధమాడి దొరికిపోతివి.”

బాగేపల్లి వైపు నుంచి వచ్చి కొత్తిమీర అమ్ముకునే ఒకామె మాత్రం చేతిలో కట్ట పక్కన పెట్టి అక్కయమ్మను ఎగాదిగా చూసింది. “ఓ, నీళ్ళక్కయమ్మ అంటే ఈమేనా?” అంది పక్కామెతో. మెల్లగానే అంది. ఆ పక్కామె ఇంకో పక్కామెతో అంది.

అక్కయమ్మ నోరు తెరిచింది. ఒక్క మాట అంటే చాలు. ఈయన చేతిలో సొగడు ఉంది, ఇవి ఈయన కోసిన కాయలే, ఈ తడి మంచే అని. అప్పుడు ఆయన సత్యవంతుడవుతాడు, ఆయన మాటకు విలువ వస్తుంది, ఎనిమిదేళ్ళ మచ్చ పోతుంది. కానీ ఆ మాట అంటే అబద్ధమాడింది తానని తేలుతుంది. అబద్ధమాడిన నోటితో ‘నా మీద పడ్డది అబద్ధం’ అంటే ఎవరు వింటారు? ఇటు తిరిగినా, అటు తిరిగినా ఆ పేరు తనదే. పైగా వాడి కోసం ఎందుకు అనాలి? వాడు ఆ రోజు తన కోసం అన్నాడా? పళ్ళు బిగించి నోరు మూసుకుంది.

తిమ్మరాయప్ప ఖాళీ గోనెసంచి మడుచుకుని చంకలో పెట్టుకున్నాడు. భార్య ఆయన కోసం ఆగలేదు, ముందు నడిచి వెళ్ళిపోయింది. ఆవు కాయలు తింటోంది. అక్కయమ్మ వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. ఒక్క ముక్క తగ్గకుండా అంతా జరిగింది.

సాయంత్రం తోటలో జనం పలచబడ్డాక ఆమె పైపు పట్టుకుని వంగ మడిలో నిలబడింది. కుడి చేతి నుంచి వాసన వస్తోంది. తిమ్మరాయప్ప చెయ్యి పట్టుకున్నప్పుడు అంటిన సొగడు. మధ్యాహ్నం రెండుసార్లు సబ్బుతో రుద్దింది, పోలేదు. ఎవరైనా ఆ వేళ్ళు వాసన చూసి ఉంటే అంతా తేలిపోయేది. ఎవరు చూస్తారు? చూసే పని ఆమెదే కదా.

సుజాతమ్మ మెల్లగా వచ్చి పక్కన నిలబడింది. కాసేపు వంగ పూత గురించి మాట్లాడింది, పురుగు గురించి మాట్లాడింది. పొద్దుటి నుంచీ కొత్తిమీర కట్టల దగ్గర, తూకం దగ్గర, గేటు దగ్గర ఆ పేరు తిరుగుతోందని అక్కయమ్మకు తెలుసు.

“తప్పుగా అనుకోవద్దు అక్కయమ్మా,” అంది సుజాతమ్మ చివరికి. జాలిగా అంది. “వాళ్ళూ వీళ్ళూ ఏదేదో అంటాండారు. నాకైతే నువ్వు చెప్తే సాలు. ఆ కాలంలో కష్టాలు అట్లా ఉండుంటాయి, నేను ఏమీ అనుకోను. నిజంగా... రవ్వంత చల్లినావా?”

మునినారాయణకు చెప్పని జవాబు ఈసారి అక్కయమ్మ చెప్పింది. మొండికేయలేదు, పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోలేదు. గొంతు పగిలేలా చెప్పింది.

“లేదు టీచరమ్మా. అది మంచు. నా మొగుని మీద ఒట్టు, అది మంచు.”

“సరేలే,” అంది సుజాతమ్మ.

అది మంచే అని చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడి మాట చెల్లకుండా చేసి పంపింది తానే. మురుగమల్ల దారిలో ఈపాటికి ఆ ఇంట్లో కూడా సంగటి పళ్ళేల ముందు ఎవరో ఎవరికో సరేలే అని ఉంటారు.

“పొద్దుటినుంచి నిలబడే ఉండావు. ఇట్లా ఇయ్యి, ఈ పూటకు నేను పడతాను,” అని సుజాతమ్మ ఆమె చేతిలోంచి పైపు తీసుకుంది. ఆ మాట మంచికే అంది కాబోలు. అక్కయమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, మడి దాటి గట్టు మీదికి వచ్చి నిలబడింది.